ఉల్లిపాయలోని క్వెర్సెటిన్ చెత్తబుట్ట పాలు కాకుండా: సంచి నుంచి కంచం దాకా

"క్వెర్సెటిన్ మాత్రలు వాడమంటారా?" "ఉల్లిపాయ పచ్చిదే తినాలా, వేయిస్తే పోతుందా?" "బీపీ తగ్గుతుందంటున్నారు, నిజమేనా?" విశాఖ పాఠకుల నుంచి, ముఖ్యంగా ఈమధ్యే బీపీ మాత్ర మొదలుపెట్టినవాళ్ల నుంచి, ఈ మూడు ప్రశ్నలూ ఆగకుండా వస్తున్నాయి. తలొకరికీ విడిగా చెప్పే బదులు అన్నీ ఒకేచోట రాస్తున్నాను.

క్వెర్సెటిన్ ఒక ఫ్లేవనాయిడ్, అంటే మొక్కల్లో సహజంగా తయారయ్యే ఒక రకం పదార్థం. ఉల్లి, బెండ, కొత్తిమీర, పచ్చిమిర్చి, ఆపిల్ తొక్క, టీ ఆకు, వీటన్నిటిలోనూ ఉంటుంది. మన వంటింట్లో దాన్ని రోజూ ఇచ్చేది మాత్రం ఉల్లిపాయే. చిక్కల్లా ఏమిటంటే, అది దండిగా ఉండేది పై పొరల్లో. మనం ఒలిచి పారేసేదీ వాటినే. అందుకే కింద రాసినదాంట్లో సగం కత్తి పీట దగ్గరి పనే.

1. ముందు ఎంత ఆశించాలో తేల్చుకోండి

ఇది తెలియకుండా మొదలుపెట్టినవాళ్లు నెల తిరక్కుండానే నిరాశపడి మానేస్తారు, లేదా బీపీ మాత్ర ఆపేస్తారు. రెండోది ప్రమాదం.

క్వెర్సెటిన్, బీపీల మీద జరిగిన 7 ప్రయోగాలను కలిపి చూసిన విశ్లేషణ ఒకటి 2016లో వచ్చింది. పై అంకె సగటున 3 పాయింట్లు, కింది అంకె రెండున్నర పాయింట్ల చిల్లర తగ్గాయి. తేడా స్పష్టంగా కనిపించింది రోజుకు 500 మిల్లీగ్రాములు, అంతకు మించి తీసుకున్నవాళ్లలో. జర్మనీలో 2015లో వచ్చిన మరో ప్రయోగంలో ఉల్లి పొట్టు సారం నుంచి రోజుకు 162 మిల్లీగ్రాముల చొప్పున ఆరు వారాలు ఇచ్చారు. బీపీ ఎక్కువగా ఉన్నవాళ్లలో 24 గంటల సగటు పై అంకె మూడున్నర పాయింట్లు తగ్గింది.

ఇప్పుడు మన లెక్క చూద్దాం. ఎర్ర ఉల్లిపాయ 100 గ్రాముల్లో, అంటే ఒక మధ్యరకం పాయలో, సుమారు 20 నుంచి 40 మిల్లీగ్రాములు ఉంటుంది. ఆ 500 అందుకోవాలంటే రోజుకు పన్నెండు నుంచి పాతిక పాయలు తినాలి. కడుపు ఒప్పుకోదు, పక్కన కూర్చున్నవాళ్లు అసలే ఒప్పుకోరు.

కాబట్టి ఉల్లిపాయ మందు కాదు. ఉల్లి, టీ, ఆపిల్ ద్వారా ఫ్లేవనాయిడ్లు ఎక్కువగా తీసుకునే పెద్ద వయసు మగవాళ్లలో గుండెజబ్బు మరణాలు తక్కువగా ఉన్నాయని నెదర్లాండ్స్‌లో 1993లో గమనించిన మాట వాస్తవమే. అయితే అది గమనింపు మాత్రమే, ఉల్లి వల్లే అలా జరిగిందనడానికి రుజువు కాదు. క్వెర్సెటిన్ పేరుతో చేసే ఆరోగ్య ప్రచారాలను యూరప్ ఆహార భద్రతా సంస్థ 2011లో పరిశీలించి, ఆధారాలు చాలవని తేల్చింది.

మరి ఎందుకు తినాలి? ఎలాగూ రోజూ కొంటున్నాం, తరుగుతున్నాం, వండుతున్నాం. అదే ఖర్చుతో, అదే పనితో కొంచెం ఎక్కువ దక్కుతున్నప్పుడు వదులుకోవడం దేనికి?

2. కొనేటప్పుడు: రంగు, మెడ, బరువు

విశాఖ రైతుబజార్లలో, అది ఎంవీపీ కాలనీ అయినా సీతమ్మధార అయినా, ఎక్కువగా దొరికేవి కర్నూలు వైపువి, మహారాష్ట్రవి. ఊరు చూసి కొనక్కర్లేదు, పాయను చూసి కొనండి.

- రంగు: ఎర్రవి, గులాబీవి తీసుకోండి. తెల్ల ఉల్లిపాయలో క్వెర్సెటిన్ చాలా తక్కువ. ధర చవకైనా ఈ పనికి అది పనికిరాదు.
- మెడ: పైన కొన సన్నగా, ఎండి, బిగుసుకుని ఉండాలి. వేలితో నొక్కితే మెత్తగా దిగిందంటే లోపల కుళ్లు మొదలైనట్టే.
- పొట్టు: గలగలలాడాలి. తడిగా అంటుకుని ఉంటే వద్దు.
- నల్ల మసి: పొట్టు కింద నల్లటి పొడి కనిపిస్తే అది బూజు. మన తేమకు ఇది మామూలే. ఒకటీ అరా పాయల్లో, పైన మాత్రమే ఉంటే సరే. గంపంతా అలాగే ఉంటే ఇంకో దుకాణం చూసుకోండి.
- సైజు: మరీ పెద్దవాటికన్నా చిన్నవి, మధ్యరకంవి మేలు. అదే బరువుకు పై పొరల వాటా వాటిలో ఎక్కువ. ఒలవడానికి విసుగు అనుకుంటే మధ్యరకంతో సరిపెట్టుకోండి.

వానల్లో ఐదు కిలోల బస్తా చవగ్గా వచ్చిందని ఎత్తుకు రాకండి. నలుగురున్న ఇంటికి వారానికి మూడు కిలోలు దాటి నిల్వ ఉంచితే, మూడో వారానికి చెత్తలోకి పోయేదే ఎక్కువ.

3. నిల్వ: మన ఊరి గాలితోనే పేచీ

క్వెర్సెటిన్ నిల్వలో అంత తేలిగ్గా పోదు. పోయేది పాయ. పై పొర కుళ్లితే దాన్ని తీసేయక తప్పదు, దాంతోపాటే మనకు కావలసినదీ పోతుంది. జూన్ నుంచి నవంబరు దాకా, అంటే వానలూ ఆ తర్వాత తుపాన్లూ పోయేదాకా, ఈ జాగ్రత్త మరీ అవసరం.

- పాలిథిన్ కవర్లోంచి ఇంటికి రాగానే తీసేయండి. జాలీ సంచిలోనో వెదురు బుట్టలోనో పోయండి.
- సింకు కింద అర వద్దు. అపార్టుమెంట్లలో అందరూ పెట్టేది అక్కడే, త్వరగా పాడయ్యేదీ అక్కడే.
- సముద్రపు గాలి నేరుగా కొట్టే బాల్కనీ కూడా వద్దు. ఆ గాలిలో ఆరడం కాదు, తేమ పట్టడం జరుగుతుంది. ఇంట్లోనే, నేలకు జానెడు ఎత్తున, గాలి ఆడే మూల చాలు.
- బంగాళాదుంపలతో కలపకండి. వాటి తేమ వీటికి తగిలి రెండూ పాడవుతాయి.
- ఒలవని పాయల్ని ఫ్రిజ్‌లో పెట్టొద్దు. కోసినవైతే మూత బిగుతుగా ఉండే డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టి రెండు రోజుల్లో వాడేయండి.
- వారానికోసారి బుట్ట తిరగేసి మెత్తబడినవాటిని ఏరేయండి. ఒక్కటి కుళ్లితే చుట్టూ ఉన్నవాటికీ అంటుకుంటుంది.

మొలక వచ్చిన పాయ గట్టిగా ఉంటే నిక్షేపంగా వాడుకోవచ్చు. మొలకను కూరలోనే వేసేయండి.

4. ఒలవడం: అసలు నష్టమంతా ఇక్కడే

ఒక పాయ చేతిలోకి తీసుకుని చూడండి. అన్నిటికన్నా పైన కాగితంలా ఎండిన పొట్టు ఉంటుంది. దాని కింద ఒక పొర సగం ఎండి, సగం రసంతో, తోలులా సాగుతుంది. మెడ దగ్గర గోధుమరంగు, నడుముకు వచ్చేసరికి ముదురు ఊదా. ఆ తర్వాత మెరిసే కండ పొరలు. లోపలికి పోయేకొద్దీ రంగు పలచబడి, మధ్యలో దాదాపు తెల్లగా అయిపోతుంది. క్వెర్సెటిన్ కూడా ఇంచుమించు ఇదే వరసలో, బయటి నుంచి లోపలికి తగ్గుతూ పోతుంది.

తొందరలో ఉన్నప్పుడు మనం ఏం చేస్తాం? రెండు కొసలూ మందంగా నరికి, పొట్టుతోపాటు ఆ తోలు పొర, దాని కింది కండ పొర కలిపి ఒక్క లాగు లాగేస్తాం. పని తొందరగా అవుతుంది, పాయలో అన్నిటికన్నా విలువైన భాగం చెత్తబుట్టలో పడుతుంది.

ఇలా చేసి చూడండి:

1. పాయల్ని ఒలవకుండానే గోరువెచ్చని నీళ్లలో ఐదు నిమిషాలు వేయండి. పొట్టు మెత్తబడి పలచగా ఊడుతుంది. కోయని పాయ కాబట్టి లోపలిదేమీ నీళ్లలోకి దిగదు.
2. తీసి తుడిచి, మెడ కొనను సన్నగా కోయండి. వేర్ల వైపు వేర్లు మాత్రమే గీరండి.
3. కత్తి మొనతో పై నుంచి కిందికి ఒకే ఒక గాటు పెట్టండి. ఎండు పొట్టు తెగితే చాలు, కండలోకి దిగకూడదు.
4. ఆ గాటు దగ్గర గోరు పెట్టి ఎండు పొట్టును మాత్రం తిప్పుతూ తీయండి.
5. తోలు పొర మిగిలితే, ఎండిన పై భాగాన్ని కత్తిరించి రసం ఉన్న కింది భాగాన్ని ఉంచేయండి. కొరికితే పీచులా తగులుతుందనిపిస్తే పెరుగు పచ్చడిలో కాకుండా పులుసులోకో, గ్రేవీకి రుబ్బడానికో వాడండి.
6. నల్ల మసి అంటి ఉంటే కుళాయి కింద కడగండి. మరక కండలోకి దిగి ఉంటే, లేదా అక్కడ మెత్తబడి ఉంటే, ఆ పొర తీసేయాల్సిందే. క్వెర్సెటిన్ కోసం బూజు తినకూడదు.

ఎండు పొట్టులో ఇంకా ఎక్కువుంటుంది కదా, మరిగించి తాగొచ్చా అని చాలామంది అడుగుతున్నారు. పైన చెప్పిన జర్మనీ ప్రయోగంలో వాడింది శుద్ధి చేసి, కొలిచి ఇచ్చిన సారం. మనకు దొరికే పొట్టు మీద ఉండేది మట్టి, పురుగుమందు, మన ఊళ్లోనైతే నల్ల బూజు కూడా. నా మాట అడిగితే వద్దు. మొక్కల కుండీలో వేసుకోండి.

5. తరగడం, వండటం

ముందు ఒక అపోహ. "కోసి పది నిమిషాలు ఉంచాకే వండాలి" అనే మాట వెల్లుల్లిది. అందులో కోశాకే తయారయ్యే పదార్థం వేరే ఉంది. క్వెర్సెటిన్ ఉల్లిలో ముందే ఉంటుంది, తరిగాక ఆగాల్సిన పని లేదు.

రెండో సంగతి వేడి. మామూలు వంట వేడికి క్వెర్సెటిన్ పెద్దగా చెదరదు. దానికి గండి కొట్టేవి రెండు: పారబోసే నీళ్లు, మాడ్చేసే మంట.

*నీళ్లతో జరిగే తప్పులు*

ఘాటు పోవాలని తరిగిన ముక్కల్ని నీళ్లలో నానబెట్టి, ఆ గులాబీరంగు నీళ్లు పారబోస్తుంటారు. ఉప్పు చల్లి గట్టిగా పిండి రసం తీసేస్తుంటారు. రెండు పద్ధతుల్లోనూ కొంత నష్టమే. దానికి బదులు ముక్కలు సన్నగా తరిగి నిమ్మరసం పిండండి, లేదా పెరుగులో కలిపి కాసేపు ఉంచండి. ఘాటు విరుగుతుంది, రసం ఎక్కడికీ పోదు.

హోటల్ తరహా గ్రేవీకి ఉల్లిపాయలు ఉడకబెట్టి, నీళ్లు వంపేసి రుబ్బేవాళ్లు ఆ నీళ్లతోనే రుబ్బుకోండి. ఉడికేకొద్దీ క్వెర్సెటిన్ నీళ్లలోకి దిగుతుంది. నీళ్లు ఎన్ని పోసి, ఎంతసేపు ఉడికిస్తే నష్టం అంత. ఉల్లిపాయ పులుసు, సాంబారు, చేపల పులుసు ఇళ్లలో ఈ బాధే లేదు. దిగింది ఆ పులుసులోనే ఉంటుంది, దాన్ని అన్నంలో కలుపుకుంటాం.

పకోడీ సంగతి తమాషా. ఉల్లి ముక్కల్ని ఉప్పుతో నలిపి, ఊరిన నీళ్లతోనే శనగపిండి కలుపుతాం. ఈ ఒక్క విషయంలో పకోడీదే సరైన పద్ధతి. నూనె లెక్క మాత్రం వేరే.

*మంటతో జరిగే తప్పులు*

నూనెలో మగ్గించడం, దోరగా వేయించడం మంచి పద్ధతులు. ఉల్లికారం, పోపులో మగ్గిన ఉల్లి, ఆమ్లెట్‌లో ఉల్లి, వేటికీ ఢోకా లేదు. మధ్యస్థ మంట మీద పారదర్శకంగా మారి, అంచులు బంగారు రంగుకు వచ్చేసరికి దించండి. బిర్యానీ మీద చల్లే ముదురు గోధుమరంగు ఉల్లి రుచికే, దాన్ని లెక్కలో వేయకండి. అడుగంటి నల్లబడితే రుచీ లేదు, లాభమూ లేదు.

*కొవ్వు కొద్దిగా ఉండాలి*

క్వెర్సెటిన్‌ను కొవ్వుతో కలిపి తిన్నప్పుడు రక్తంలోకి ఎక్కువగా చేరిందని 2013లో వచ్చిన ఒక ప్రయోగం చూపించింది. దీనికోసం నూనె గుమ్మరించక్కర్లేదు. పోపుకు వేసే చెంచా నూనె చాలు. పచ్చిగా తినేటప్పుడు పెరుగుగానీ, నాలుగు వేరుశనగ గుళ్లుగానీ పక్కన ఉంటే సరి. చల్ది అన్నంలో పెరుగు పోసుకుని ఉల్లిపాయ నంజుకునే అలవాటున్నవాళ్లు కొత్తగా నేర్చుకోవలసింది ఏమీ లేదు, పై పొర పారేయకుండా ఉంటే చాలు.

బీచ్ రోడ్డులో తినే మురీ మిక్చర్ ఉల్లి లెక్కలోకి వస్తుందా అని ఒకరు అడిగారు. వస్తుంది, మీ కళ్ల ముందు తరిగి కలిపితే. మధ్యాహ్నం తరిగి మూత లేని గిన్నెలో పెట్టిన ముక్కలైతే వద్దనే చెప్పండి.

6. పచ్చిదా, వండినదా?

రెండూ. పచ్చిది పడనివాళ్లు వండినదే తిన్నా నష్టం లేదు. మధ్యాహ్నం అర పాయ పచ్చిగా, మిగతా అర పాయ కూరలోనో పులుసులోనో, ఇలా రోజుకు మనిషికి ఒక మధ్యరకం పాయ పడితే చాలు. ఒంట్లో చేరిన క్వెర్సెటిన్‌లో సగం పోవడానికే ఇంచుమించు సగం రోజు నుంచి ఒక రోజు దాకా, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పడుతుంది. కాబట్టి ఆదివారం అరకిలో తినేకన్నా రోజూ కొంచెం కొంచెం మేలు.

పప్పు, చోళ్లు (రాగులు) తినే ఇళ్లకు ఇంకో కబురు. ధాన్యాలు, పప్పుల్లోని ఇనుము, జింక్ ఉల్లి, వెల్లుల్లి తోడుంటే ఎక్కువగా అందుబాటులోకి వస్తాయని మైసూరులోని కేంద్రీయ ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ ప్రయోగశాలలో చూసింది. అది మనుషుల మీద చేసినది కాదు. అయినా చోడి అంబలికి ఉల్లిపాయ జోడీ కుదిరిందనే నేనంటాను.

7. ఉల్లి తినని ఇల్లు, కార్తీక మాసం

నెలంతా ఉల్లి ముట్టనివాళ్లూ, ఎప్పుడూ తిననివాళ్లూ కంగారు పడక్కర్లేదు. 100 గ్రాములకు ఉజ్జాయింపుగా ఇలా ఉంటుంది:

- కొత్తిమీర: 50 మిల్లీగ్రాములు. అయితే మనం వేసేది గుప్పెడు, అంటే ఓ పది గ్రాములు. పైన చల్లితే లాభం లేదు, పచ్చడి చేసుకోండి.
- బెండకాయ: 20. నిజమైన ప్రత్యామ్నాయం ఇదే, కూరగా 100 గ్రాములు తేలిగ్గా తినేస్తాం. కోశాక కడిగితే జిగురుతోపాటు అదీ కొంత పోతుంది. ముందే కడిగి తుడిచి తరగండి.
- మునగాకు: 15 పైచిలుకు. పప్పులో వేస్తే ఉడికిన నీళ్లు అందులోనే ఉంటాయి.
- పచ్చిమిర్చి: 15 దాకా. 100 గ్రాములు తినమని ఎవరికీ చెప్పను.
- ఆపిల్: 4, తొక్కతో తింటేనే. తొక్క తీస్తే అందులో చాలావరకు పోతుంది.
- టీ: 100 మిల్లీలీటర్లకు 2. ఇందుకోసం ఐదో కప్పు తాగకండి.

8. మాత్రలు, పడనివాళ్లు

మార్కెట్లో దొరికే గుళికలు చాలావరకు 500 మిల్లీగ్రాములవి. అంకె పెద్దదే, కానీ మింగినదంతా ఒంటికి పట్టదు. పెద్దపేగు తొలగించిన కొందరు స్వచ్ఛందంగా పాల్గొన్న ఒక ప్రయోగం నెదర్లాండ్స్‌లో 1995లో జరిగింది. ఉల్లిలోని క్వెర్సెటిన్ 52 శాతం పీల్చుకోగా, విడిగా ఇచ్చిన శుద్ధ క్వెర్సెటిన్ 24 శాతమే పట్టింది. ఉల్లిలో అది చక్కెర అణువుతో జతకట్టి ఉండటమే ఈ తేడాకు కారణం.

కింద చెప్పినవాళ్లు డాక్టరును అడగకుండా గుళికలు మొదలుపెట్టొద్దు:

- రక్తం పలచబడటానికి వార్ఫరిన్ లాంటివి వాడేవాళ్లు
- అవయవ మార్పిడి తర్వాత సైక్లోస్పోరిన్ వాడేవాళ్లు
- కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు
- గర్భిణులు, పాలిచ్చే తల్లులు
- బీపీకో, షుగరుకో రోజూ మందు వేసుకునేవాళ్లు

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు పేరు గుర్తుపెట్టుకుని చెప్పడం కాదు, సీసానే తీసుకెళ్లండి. లేబుల్ మీద క్వెర్సెటిన్‌తోపాటు ఇంకా ఏమేం కలిపారో ఆయన చూస్తారు. కూరలో పడే ఉల్లికి మాత్రం ఈ భయాలు అక్కర్లేదు.

9. తరచూ వచ్చే ఇబ్బందులు, సర్దుబాట్లు

*కడుపు ఉబ్బరం, గ్యాస్:* ఉల్లిలోని ఫ్రక్టాన్ అనే పిండిపదార్థం కొందరికి పడదు. పచ్చిది మానేసి, వండినది పావు పాయతో మొదలుపెట్టండి. అప్పటికీ తగ్గకపోతే ఉల్లి వదిలేసి బెండకాయ, మునగాకు వైపు వెళ్లండి. ఉల్లికాడల్లో పచ్చటి భాగం చాలామందికి పడుతుంది.

*గుండెల్లో మంట:* రాత్రి భోజనంలో పచ్చి ఉల్లి వద్దు. మధ్యాహ్నానికి మార్చండి.

*ఆరు వారాలైనా బీపీ దిగలేదు:* దిగకపోవడమే మామూలు. మొదటి భాగం మళ్లీ చదవండి. ఈలోగా ఉల్లితోపాటు ఆవకాయ, అప్పడం, ఉప్పు చేప కంచంలోకి వస్తున్నాయేమో చూడండి. ఉప్పు తగ్గిస్తే వచ్చే ఫలితం దీనికన్నా గట్టిది. బీపీ రోజూ ఒకే వేళకు, ఐదు నిమిషాలు కూర్చున్నాక చూసుకుని రాసిపెట్టండి. మాత్ర తగ్గించాలా వద్దా అన్నది ఆ కాగితం చూసి డాక్టరు చెప్పాలి.

*పిల్లలు ఏరి పక్కన పెడుతున్నారు:* పై పొరల్ని టమాటాతో కలిపి మగ్గించి రుబ్బేయండి. గ్రేవీలో కలిసిపోయాక ఏరడానికి ఏమీ దొరకదు.

*మిగిలిన ఉల్లి కూర వీధి కుక్కలకు పెట్టడం:* పెట్టకండి. ఉల్లి, వండినదైనా సరే, కుక్కల రక్తకణాల్ని దెబ్బతీస్తుంది. మిగిలింది ఫ్రిజ్‌లో పెట్టుకుని మర్నాడు మీరే తినేయండి.